యూదు–తెలుగు దంపతులు ఏ సినగాగ్ వైపు వెళ్లాలి? పెళ్లికి ముందే తేల్చుకోవలసిన సంగతులు

అమెరికాలో మన అమ్మాయో అబ్బాయో యూదు కుటుంబంతో సంబంధం కలుపుకుంటున్నారంటే ఇంట్లో మొదట లేచే ప్రశ్న "పెళ్లి ఎవరి పద్ధతిలో?" అన్నది. దానికి జవాబు ఎలాగో దొరుకుతుంది. పొద్దున జీలకర్ర బెల్లం, సాయంత్రం హుప్పా (యూదుల పెళ్లి పందిరి) కింద గాజు గ్లాసు పగలగొట్టడం. ఇలా జరిగిన పెళ్లిళ్లు చాలానే ఉన్నాయి. అసలు కష్టమైన ప్రశ్న దాని వెనక దాగి ఉంటుంది: రేపు పుట్టబోయే బిడ్డను ఏ యూదు సమాజం తమ బిడ్డ అంటుంది? పెళ్లి చేయించే రబ్బీ (యూదు మతగురువు) కోసం వెతికేటప్పుడు చాలా జంటలు ఈ మాటే అడగరు. బిడ్డకు పదేళ్లు వచ్చాక, బార్ మిట్స్వా (పదమూడేళ్లకు జరిగే యూదు వేడుక) దగ్గరపడ్డాక అడుగుతారు. అప్పటికి యూదు ప్రార్థనాలయమైన ఆ సినగాగ్‌తో అనుబంధం పెరిగిపోయి ఉంటుంది, జవాబు "కుదరదు" అయితే బిడ్డ మనసు కూడా నొచ్చుకుంటుంది.

మనకు గోత్రం తండ్రిది. యూదుల ధర్మశాస్త్రమైన హలఖా ప్రకారం యూదుత్వం తల్లిది. పురోహిత వంశమైన కోహెన్, దాని తోటి లేవీ వంశం మాత్రం తండ్రి నుంచే వస్తాయి. కాబట్టి తెలుగమ్మాయి–యూదు అబ్బాయి జంటకు పనికొచ్చే సలహా తెలుగబ్బాయి–యూదు అమ్మాయి జంటకు పనికిరాదు. కింద చెప్పేదంతా ఈ తేడాను గుర్తు పెట్టుకుని చదవండి.

ఇక్కడ తెలుగువారంటే హిందూ ఆచారం ఉన్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకున్నాం. తెలుగు క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకూ పట్టికలోని నియమాలు వర్తిస్తాయి. ముహూర్తాలు, పురుడు, ఆబ్దికం గురించిన మాటలు మాత్రం వర్తించవు.

వేటిని బట్టి ఎంచుకోవాలి

అయిదు ప్రశ్నలు చాలు. ఒకటి, మతం మారని భాగస్వామితో పెళ్లి ఆ రబ్బీ చేయిస్తారా? రెండు, తండ్రి మాత్రమే యూదు అయితే పిల్లలను యూదులుగా లెక్కిస్తారా? మూడు, మతం మారని భాగస్వామి సినగాగ్‌లో సభ్యులు కాగలరా, బిడ్డ వేడుకలో పక్కన నిలబడగలరా? నాలుగు, ఇంట్లో పూజగది, వినాయక చవితి, బాలవిహార్ తరగతులు కొనసాగితే వాళ్లకు అభ్యంతరమా? అయిదు, చివరికి దంపతులిద్దరికీ ఒకే శ్మశానంలో చోటు ఉంటుందా?

అయిదోది పెళ్లి మాటల మధ్య ఎత్తడం అశుభంగా తోస్తుంది. అయినా అడగాలి. ఎందుకో చివర్లో చెప్తాం.

ఒక్క చూపులో యూదు శాఖలు (కట్టుబాట్లు బిగిగా ఉన్నదాని నుంచి సడలినదాని దాకా)

| శాఖ | మతం మారని వారితో పెళ్లి | తండ్రి మాత్రమే యూదు అయితే పిల్లలు | మతం మారని భాగస్వామికి చోటు |
|---|---|---|---|
| ఆర్థడాక్స్ | చేయించరు | యూదులు కారు | అతిథిగా మాత్రమే |
| కన్సర్వేటివ్ | చేయించరు | యూదులు కారు. శిశువుగానే మతమార్పిడి చేయించవచ్చు | సభ్యత్వం ఆయా సినగాగ్ ఇష్టం |
| రిఫార్మ్ | రబ్బీ ఇష్టం. చేయించేవారు చాలామంది | యూదు పెంపకం ఉంటే యూదులే | సాధారణంగా కుటుంబ సభ్యత్వంలో భాగం |
| రికన్‌స్ట్రక్షనిస్ట్ | రబ్బీ ఇష్టం | యూదు పెంపకం ఉంటే యూదులే | విస్తారంగా ఉంటుంది |
| హ్యూమనిస్టిక్ | చేయిస్తారు, పంతులుగారితో కలిసి కూడా | తమను యూదులుగా భావించుకుంటే చాలు | పూర్తి సమానం |

పట్టిక చూసి కింది వరుసలే మేలనుకోవద్దు. ఒక శాఖ తలుపు ఎంత వెడల్పుగా తెరిస్తే, ఆ తలుపు గుండా లోపలికి వచ్చిన బిడ్డను మిగతా శాఖలు అంత తక్కువగా గుర్తిస్తాయి. అసలు బేరమంతా ఇక్కడే ఉంది.

ఆర్థడాక్స్

మిశ్రమ వివాహానికి ఇక్కడ చోటు లేదు. దారి ఒక్కటే, భాగస్వామి మనస్ఫూర్తిగా మతం మారడం. పెళ్లి కోసం మారతానంటే ఒప్పుకోరు. షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం), కోషర్ (యూదు ధర్మం అనుమతించే) భోజన నియమాలు, దాంపత్య నియమాలు అన్నీ పాటిస్తానన్న నిబద్ధత కావాలి. షబ్బాత్ నాడు కారు నడపరు కాబట్టి సినగాగ్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు తీసుకోవాలి. ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది.

విగ్రహారాధన విషయంలో వీరు ఎంత గట్టిగా ఉంటారో తెలియడానికి మన తిరుమల సంగతే చాలు. పెళ్లయిన ఆర్థడాక్స్ స్త్రీలు జుట్టు కప్పుకోవాలి, చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లోని భారతీయ జుట్టు తిరుమలలో మొక్కుగా ఇచ్చిన తలనీలాలని 2004లో తేలడంతో జెరూసలేం పండితుడు రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ వాటిని వాడకూడదని తీర్పు చెప్పారు. బ్రూక్లిన్‌లో వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. అదే సమయంలో ఇంకో వైపు కూడా చూడాలి. 2007లో ఢిల్లీలో, 2008లో జెరూసలేంలో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బినేట్ (ఆ దేశపు అధికార యూదు మతసంస్థ), హిందూ ధర్మ ఆచార్య సభ కలిసి కూర్చున్నాయి. హిందువులు పూజించేది ఒకే పరమాత్మనని రెండో సమావేశం ప్రకటనలో రాశారు. అది గౌరవపూర్వకమైన మాటే. కానీ దాన్ని చూపించి "మా పూజగదికి అభ్యంతరం లేదు కదా" అంటే ఏ ఆర్థడాక్స్ బెయిత్ దిన్ (రబ్బీల ధర్మస్థానం) కూడా ఒప్పుకోదు.

ఒక ఉచ్చు ఇక్కడ ఉంది. అబ్బాయి కోహెన్ వంశస్థుడైతే, ఆర్థడాక్స్ నియమం ప్రకారం మతం మారిన స్త్రీని పెళ్లాడకూడదు. అంటే తెలుగమ్మాయి రెండేళ్లు కష్టపడి మారినా ఆ పెళ్లి జరగదు. కోహెన్, కాట్జ్ లాంటి ఇంటిపేర్లు సూచన మాత్రమే. ఇంటిపేరు వేరైనా వంశం అదే కావచ్చు. మొదటి వారంలోనే కాబోయే మామగారిని అడిగి తెలుసుకోండి.

కన్సర్వేటివ్

ఇది మధ్యేమార్గం, అందుకే ఎక్కువ మంది తడబడేది కూడా ఇక్కడే. లోపల వాతావరణం ఆధునికంగా ఉంటుంది, ఆడా మగా కలిసి కూర్చుంటారు, రబ్బీ ఆప్యాయంగా పలకరిస్తారు. కాబట్టి పెళ్లీ చేయిస్తారని జంట అనుకుంటుంది. చేయించరు. రబ్బీలు మిశ్రమ వివాహానికి అతిథిగా వెళ్లడం గురించే చాలాకాలం నిషేధం ఉండేది. వెళ్లవచ్చని 2018లో స్పష్టం చేశారు. మతం మారనివారికి సభ్యత్వం ఇవ్వాలో లేదో ఆయా సినగాగ్‌లే తేల్చుకోవచ్చని 2017లో ఓటు వేసుకున్నారు.

తల్లి యూదు అయితే పిల్లల విషయంలో ఏ చిక్కూ లేదు. తెలుగబ్బాయి–యూదు అమ్మాయి జంట పెళ్లి మరొకరి చేత చేయించుకుని, పిల్లలను ఇక్కడ పెంచడం బాగా కుదిరే ఏర్పాటు. తల్లి తెలుగు అయితే బిడ్డను శిశువుగా ఉన్నప్పుడే ముగ్గురు సభ్యుల బెయిత్ దిన్ ఎదుట మిక్వే (శుద్ధి స్నానపు కొలను) నీళ్లలో ముంచి మతమార్పిడి చేయించవచ్చు. మగబిడ్డ అయితే సున్నతి కూడా ఆ ఉద్దేశంతోనే జరగాలి. తల్లి మారనక్కర లేదు. ఈ దారి ఉందని చాలామందికి తెలియదు. పదమూడేళ్లకు చేయిస్తే పిల్లవాడికి అది పరీక్షలా ఉంటుంది, ఆరు నెలలకు చేయిస్తే ఒక స్నానం.

రిఫార్మ్

మిశ్రమ దంపతుల్లో ఎక్కువమంది చివరికి చేరేది ఇక్కడికే. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020 సర్వే ప్రకారం 2010 తర్వాత పెళ్లి చేసుకున్న అమెరికన్ యూదుల్లో, ఆర్థడాక్స్ వారిని పక్కన పెడితే, 72 శాతం మంది భాగస్వాములు యూదులు కారు. కాబట్టి రిఫార్మ్ సినగాగ్‌లో మీరు వింత అతిథులు కారు, పక్క వరుసలో మీలాంటివారే ఉంటారు.

వీరి 1983 నాటి తీర్మానాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. "తండ్రి యూదు అయినా బిడ్డ యూదే" అని ముక్తసరిగా చెప్పుకుంటారు కానీ తీర్మానం అలా లేదు. తల్లిదండ్రుల్లో ఎవరు యూదు అయినా బిడ్డ యూదు అన్న భావనతో మొదలుపెడతారు. దాన్ని తగిన వయసులో, అందరి ఎదుట జరిగే యూదు కార్యాలతో స్థిరపరచాలి. నామకరణం, హీబ్రూ బడి, బార్ లేదా బాత్ మిట్స్వా లాంటివి. ఏమీ చేయకుండా పదిహేనేళ్లు గడిపి "మా నాన్న యూదు" అంటే చాలదు. ఇది ఉత్తర అమెరికా తీర్మానం కాబట్టి వేరే దేశానికి మారితే అక్కడి రిఫార్మ్ రబ్బీని మళ్లీ అడగాలి.

తెలుగు కుటుంబాలకు తగిలే రాయి మరొకటి. వేరే మతంలో పద్ధతిగా చదువుకుంటున్న పిల్లలను తమ మతబడిలో చేర్చుకోవద్దని రిఫార్మ్ సినగాగ్‌ల సమాఖ్య 1995లో తీర్మానించింది. ఆదివారం పొద్దున హీబ్రూ బడి, ఆదివారమే చిన్మయ మిషన్ బాలవిహార్ ఉంటే వేళలు సర్దుకుంటే సరిపోతుందని అనుకుంటారు. చిక్కు వేళలది కాదు. బాలవిహార్‌ను ఆ బడి మతబోధగా చూస్తుందా, సంస్కృతి తరగతిగా చూస్తుందా అన్నది బడిబడికీ మారుతుంది. తెలుగు భాష నేర్పే తరగతికి, కూచిపూడికి అభ్యంతరం ఉండదు. దాచకుండా ముందే అడగండి.

పెళ్లి చేయించడం రబ్బీ వ్యక్తిగత నిర్ణయం. చేయించేవారిలోనూ చాలామంది పిల్లలను యూదులుగా పెంచుతామన్న మాట అడుగుతారు, మరో మతం పురోహితుడితో కలిసి చేయించరు. ఇవ్వలేని మాట ఇచ్చి పెళ్లి జరిపించుకోవద్దు. ఆ మాట నిజంగా నిలబెట్టుకోవలసినది.

రికన్‌స్ట్రక్షనిస్ట్, హ్యూమనిస్టిక్

రికన్‌స్ట్రక్షనిస్ట్ శాఖ చిన్నది, ఆలోచన పెద్దది. తండ్రి వైపు యూదుత్వాన్ని 1968లోనే, రిఫార్మ్ కంటే పదిహేనేళ్లు ముందే ఒప్పుకుంది. భాగస్వామి యూదు కాని విద్యార్థులను రబ్బీ కళాశాలలో 2015 నుంచి చేర్చుకుంటోంది. రిఫార్మ్ రబ్బీ కళాశాల ఆ నిర్ణయానికి 2024లో వచ్చింది. ప్రార్థన హీబ్రూలో, సంప్రదాయ రాగాల్లో ఉండాలి, నియమాలు మాత్రం సభ్యులంతా కూర్చుని ఆలోచించుకోవాలి అనుకునేవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇబ్బంది దూరమే. చాలా ఊళ్లలో ఈ శాఖ సినగాగ్ ఉండదు.

హ్యూమనిస్టిక్ జుడాయిజం 1963లో మిషిగన్‌లో రబ్బీ షెర్విన్ వైన్ మొదలుపెట్టినది. పండుగలు, చరిత్ర, పాటలు ఉంటాయి. దేవుణ్ణి ఉద్దేశించిన ప్రార్థన ఉండదు. పంతులుగారి పక్కన నిలబడి పెళ్లి చేయించడానికి సందేహించరు. అయితే భక్తి ఉన్న తెలుగు ఇంటికి ఇది ఒక్కోసారి చప్పగా అనిపిస్తుంది. ఒకవైపు వేదమంత్రాలు, మరోవైపు దేవుడి పేరే లేని ఆశీర్వచనాలు. యూదు అత్తమామలు నాస్తికులైతే ఇది హాయి.

ఏ సమాజంలోనూ చేరకుండా ఇంట్లోనే రెండు పండుగలూ చేసుకుంటామనే జంటలూ ఉన్నాయి. మొదటి అయిదేళ్లు ఇదే అన్నిటికంటే సుఖంగా ఉంటుంది. యూదు ఆచారం మాత్రం మనలా పూజగదిలో ఒంటరిగా సాగేది కాదు. పోయినవారి కోసం చెప్పే కద్దీష్ ప్రార్థనకు, ధర్మగ్రంథమైన తోరా పఠనానికి పదిమంది పెద్దవాళ్ల మిన్యాన్ కావాలి. ఇంట్లో మిగిలేది హనుక్కా దీపాలు, శుక్రవారం కొవ్వొత్తులు, పస్కా (వసంతకాలపు యూదు పండుగ) భోజనం. అంతే చాలనుకుంటే మంచిదే, ఆ సంగతి ముందే తెలిసి ఎంచుకోండి.

మీ జంట ఏది?

*తెలుగబ్బాయి–యూదు అమ్మాయి.* పిల్లల గుర్తింపు గురించి బెంగ అక్కర లేదు. యూదు తల్లికి పుట్టిన బిడ్డను అన్ని శాఖలూ ఆహ్వానిస్తాయి. కాబట్టి ఇంటికి దగ్గరగా ఉన్నదీ, అబ్బాయికి గౌరవం ఉన్నదీ చూసుకోండి. ఈ జంటలో నలిగేది సాధారణంగా నాయనమ్మ, తాతయ్య. మనవడికి తమ గోత్రం ఉందని వాళ్లకు, యూదు అని అవతలి వాళ్లకు. రెండూ నిజమే కావచ్చని పెళ్లికి ముందు కూర్చోబెట్టి చెప్పాలి.

*తెలుగమ్మాయి–యూదు అబ్బాయి.* ఎంపిక ఇక్కడ బరువైనది. అమ్మాయి మారకుండా రిఫార్మ్‌లో పిల్లలను పెంచవచ్చు. కానీ ఆ బిడ్డ రేపు కన్సర్వేటివ్ అమ్మాయినో అబ్బాయినో పెళ్లాడాలంటే మతమార్పిడి అడుగుతారు. దానికి మూడు పరిష్కారాలు: రిఫార్మ్‌తో తృప్తి పడటం, బిడ్డకు శైశవంలోనే కన్సర్వేటివ్ మార్పిడి చేయించడం, తల్లే మారడం. మా అభిప్రాయం అడిగితే, తల్లికి తన పూజ వదిలే మనసు లేనప్పుడు ఆమె మీద ఒత్తిడి పెట్టడం కంటే రెండోది ఎంతో మంచిది. అయితే ఆ బెయిత్ దిన్ ఇంటి ఆచారాల గురించి అడుగుతుంది. నిజం చెప్పాలి.

ఇజ్రాయెల్ సంగతి అడిగేవారికి: 1970లో సవరించిన తిరిగివచ్చే హక్కు చట్టం యూదుల పిల్లలకు, మనవలకు, వారి జీవిత భాగస్వాములకు కూడా వర్తిస్తుంది, తండ్రి వైపైనా తల్లి వైపైనా. అక్కడ పెళ్లి మాత్రం ఆర్థడాక్స్ రబ్బినేట్ చేతిలో ఉంది, వారి లెక్క తల్లి వైపే. పౌరసత్వం దొరికిన మనిషికి ఆ దేశంలో పెళ్లి దొరక్కపోవచ్చు.

మారాలనుకుంటే

క్రమం అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే. రబ్బీని ఎంచుకోవడం, తరగతులు, ఒక ఏడాది పండుగలన్నీ ఆచరించి చూడటం, బెయిత్ దిన్ ముందు ప్రశ్నలకు జవాబులు, మిక్వేలో మునక. మగవారికి సున్నతి, ఇదివరకే అయి ఉంటే ఒక్క రక్తపు బొట్టు తీస్తారు. రిఫార్మ్ రబ్బీల్లో కొందరు సున్నతి, మిక్వే తప్పనిసరి అనరు. అలా చేసిన మార్పిడిని కన్సర్వేటివ్ శాఖ ఒప్పుకోదు కాబట్టి, ఎలాగూ మారుతున్నప్పుడు రెండూ చేయించుకోవడమే తెలివైన పని.

మిక్వేలో ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డు ఉండకూడదు. మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక, గోళ్ల రంగు అన్నీ తీయాలి. మంగళసూత్రం మెళ్లోంచి తీయడం మన ఇళ్లలో ఎంత బాధాకరమో చెప్పనక్కర లేదు. మారాలన్న నిశ్చయం ఉంటే పెళ్లికి ముందే మిక్వే పూర్తి చేయండి.

భారతదేశంలో ఆస్తి ఉన్నవారు హిందూ వారసత్వ చట్టంలోని 26వ సెక్షన్ చూసుకోవాలి. మతం మారిన వ్యక్తి వారసత్వం పోదు. మారిన తర్వాత పుట్టిన పిల్లలు మాత్రం, వారసత్వం తెరుచుకునే నాటికి హిందువులు కాకపోతే, హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరు. తాతగారు స్వార్జితానికి వీలునామా రాస్తే చిక్కు తీరుతుంది. పెళ్లి చట్టం కూడా అంతే. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. కాబట్టి హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో శాస్త్రోక్తంగా తాళి కట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అవదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. అమెరికాలో ఉంటున్నవారు ముందుగా అక్కడి కౌంటీలో లైసెన్సు తీసుకుని పెళ్లి నమోదు చేసుకుంటే ఇండియాలో జరిగేది వేడుకగానే మిగులుతుంది, తొందర ఉండదు.

ముహూర్తం ఎక్కడ కలుస్తుంది

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడి నక్షత్రాలు కనిపించేదాకా షబ్బాత్. రబ్బీల్లో చాలామంది ఆ వేళలో పెళ్లి చేయించరు. అమెరికాలో మనవాళ్లు హాలు బుక్ చేసేది శనివారానికే. అడ్వాన్సు కట్టేశాక ఈ సంగతి తెలిసిన కుటుంబాలు ఎన్నో. ఆదివారం తీసుకోండి, లేదా శనివారం రాత్రి ముహూర్తం పెట్టించండి. మన ముహూర్తాలు అర్ధరాత్రి కూడా ఉంటాయి కాబట్టి ఇది మనకే సులువు.

నెలల విషయంలో ఒక సౌకర్యం ఉంది. యూదుల పంచాంగమూ మనలాగే చాంద్రమానం, అమావాస్య తర్వాత నెల మొదలు, మనకు అధిక మాసం వచ్చినట్టే వారికీ పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. వారి నీసాన్ నెల మన చైత్రంతో నడుస్తుంది: 2025లోనూ 2026లోనూ ఉగాది, నీసాన్ మొదటి రోజు ఒకే తేదీన పడ్డాయి.

వారికి పస్కా నుంచి ఏడు వారాలు ఓమెర్ కాలం, సంప్రదాయవాదులు పెళ్లిళ్లు పెట్టుకోరు. ముప్పై మూడో రోజుకు మినహాయింపు. మన వైశాఖం మొత్తం అందులో పోతుంది. మళ్లీ తమ్మూజ్ నెల పదిహేడు నుంచి ఆవ్ నెల తొమ్మిది దాకా మూడు వారాల శోకకాలం. అది సాధారణంగా మన ఆషాఢం చివరా, శ్రావణం మొదటా పడుతుంది. రెండు వైపులా ఖాళీగా ఉండేవి శ్రావణ దశమి తర్వాత, కార్తీకం, ధనుర్మాసానికి ముందు మార్గశిరం, మాఘ ఫాల్గుణాలు. అధిక మాసాలు కలవని ఏడాది ఒక నెల జరుగుతుంది, క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడాలి. రిఫార్మ్ రబ్బీలు ఓమెర్ విషయంలో చాలావరకు సడలిస్తారు, షబ్బాత్ విషయంలో చాలామంది సడలించరు. ఇంకో చిన్న విశేషం. సృష్టి మూడో రోజున దేవుడు "మంచిది" అని రెండుసార్లు అన్నాడని మంగళవారం వారికి పెళ్లికి శ్రేష్ఠం. మనకు పనికిరాదు.

రెండు పద్ధతులూ ఒకే వేడుకలో కలపాలా, విడిగా చేయాలా? విడిగా చేయమనే చెప్తాం. కలిపితే రబ్బీ దొరకడం కష్టమవుతుంది. అదొకటే కాదు, రెండూ సగం సగం అవుతాయి. హుప్పా కింద తంతు అరగంటలో ముగుస్తుంది. మన పెళ్లికి రెండు మూడు గంటలు పడుతుంది. మధ్యలో రెండు గంటల విరామం ఇచ్చి బట్టలు మార్చుకోనివ్వండి. ఒకే వేదిక వాడుతుంటే హుప్పాను తర్వాత పెట్టండి. గాజు పగిలాక మండపంలో ఎవరూ చెప్పుల్లేకుండా నడవకూడదు. గ్లాసును మందపాటి గుడ్డసంచిలో మూటగట్టి, వరుడు గట్టి మడమ ఉన్న బూటుతోనే తొక్కాలి. హోమానికి హాలువాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. భోజనం పూర్తి శాకాహారమైతే కోషర్ తగవులు సగానికి పైగా పోతాయి.

ఎనిమిదో రోజు, ఇరవై ఒకటో రోజు

మగబిడ్డ పుడితే సున్నతి, అంటే బ్రిత్ మిలా, పుట్టిన రోజుతో కలిపి ఎనిమిదో రోజున, పగటి పూట. బిడ్డకు కామెర్లు ఉంటే తగ్గేదాకా ఆపుతారు. మనకు ఆ రోజు ఇంకా పురిటి మైలలోనే ఉంటుంది. పదకొండో రోజు శుద్ధి అయ్యేదాకా తాతయ్యలు ఏ శుభకార్యమూ ఆ ఇంట్లో తలపెట్టరు. ఇరుపక్షాలూ మాటపడేది ఎక్కువగా ఇక్కడే. ఎనిమిదో రోజు యూదు కార్యం వరకే ఉంచి, మన పక్షం నుంచి దీపం, పూజ ఏవీ కలపకండి. బారసాల ఇరవై ఒకటో రోజుకు పెట్టుకోండి. తల్లి యూదు కాకపోతే ఆర్థడాక్స్ మోహెల్ (సున్నతి చేసే వ్యక్తి) రాడు. రిఫార్మ్ శిక్షణ పొందిన వైద్యులు వస్తారు, ఏడో నెలలోనే మాట్లాడుకోవాలి. ఆడపిల్లకు రోజు నిర్ణయం లేదు కాబట్టి వారి నామకరణం, మన ఉయ్యాల వేడుక ఒకే రోజు చేయవచ్చు.

పేరు దగ్గర మరో జాగ్రత్త. బతికున్న తాత పేరు మనం సంతోషంగా పెట్టుకుంటాం. తూర్పు యూరప్ మూలాల అష్కెనాజీ యూదులు బతికున్నవారి పేరు బిడ్డకు పెట్టరు, అపశకునంగా భావిస్తారు. స్పెయిన్ మూలాల సెఫార్దీలు పెడతారు. మీ అత్తవారు ఎవరో కనుక్కున్నాకే పేరు ప్రకటించండి.

వంటింట్లో, పండుగల్లో

కోషర్ పాటించే ఇంట్లో మాంసం, పాలు కలవవు. నెయ్యి వేసిన కోడి బిర్యానీ, మటన్ కూర తర్వాత పెరుగన్నం కుదరవు. రొయ్యలు, పీతలు లేవు. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. పులస, కొరమీను, బొచ్చె సరే; పొలుసుల్లేని వాలుగ కాదు. మీ తెలుగు ఇల్లు శాకాహారమైతే సగం పని అయిపోయినట్టే.

పస్కా ఎనిమిది రోజులూ గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి ధాన్యాలతో చేసినవి ఇంట్లో ఉండకూడదు. రవ్వ, సేమియా, మైదా అందరికీ తడతాయి. తట్టనిది ఇంగువ. దుకాణాల్లో దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిల్లో గోధుమపిండి కలిసి ఉంటుంది. అష్కెనాజీ ఆచారంలో అన్నం, పప్పులు, ఆవాలు కూడా మానేస్తారు, అంటే పోపే లేదు. కన్సర్వేటివ్ శాఖ 2015లో అన్నం, పప్పులకు అనుమతి ఇచ్చింది. మన దేశపు బెనే ఇజ్రాయెల్, కొచ్చి యూదులు మొదటి నుంచీ పస్కాకు అన్నం తింటారు.

అన్నిటికంటే పెద్ద ఢీ యోమ్ కిప్పూర్ (యూదుల ప్రాయశ్చిత్త ఉపవాస దినం), విజయదశమి. తీష్రీ నెల పదో రోజున ఇరవై అయిదు గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. 2022, 2024, 2025 సంవత్సరాల్లో అది సరిగ్గా దసరా నాడే పడింది. 2026లో యోమ్ కిప్పూర్ సెప్టెంబరు 21న, దసరా అక్టోబరులో. అధిక మాసం మిమ్మల్ని కాపాడింది. కలిసి వచ్చిన ఏడాది దసరా భోజనం నవమి నాటి మధ్యాహ్నానికి జరపండి. ఆ సాయంత్రం ఉపవాసం మొదలయ్యేలోపు వారు కూడా కడుపునిండా తినే ఆచారం ఉంది, కాబట్టి ఒకే భోజనం ఇద్దరికీ పనికొస్తుంది.

ఒకే చోట ఇద్దరూ

యూదులు వీలైనంత త్వరగా ఖననం చేస్తారు, దహనాన్ని సంప్రదాయం ఒప్పుకోదు. మనకు దహనం. ఆర్థడాక్స్ శ్మశానంలో మతం మారని భాగస్వామికి చోటు లేదు. రిఫార్మ్ శ్మశానాల్లో చాలావాటిలో ఉంది. కన్సర్వేటివ్‌లో కొన్నిచోట్ల విడి భాగం కేటాయిస్తారు. అస్థికల కలశాన్ని అనుమతిస్తారా అన్నది వేరే ప్రశ్న, విడిగా అడగాలి. ఆ బాధలో, ఒక్క రోజు వ్యవధిలో ఇవి తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే సినగాగ్ సభ్యత్వం తీసుకునే రోజునే అడగమన్నది.

ఏడాదికోసారి పోయినవారిని తలుచుకునే రోజు వారికీ తిథి ప్రకారమే వస్తుంది, దాన్ని యార్‌ట్సైట్ అంటారు. మనం సూర్యోదయంతో రోజు లెక్కపెడతాం, వారు సూర్యాస్తమయంతో. రాత్రి ఎనిమిదికి ప్రాణం పోతే వారి లెక్కలో అది మర్నాటి తేదీ. అందుకని తేదీ ఒక్కటే కాకుండా ఊరు, వేళ కూడా కాగితం మీద రాసి ఉంచండి. ఆబ్దికం పెట్టే పంతులుగారికీ, కద్దీష్ చెప్పించే రబ్బీకీ కావలసింది ఆ వివరమే.